మామునూరు రన్‌వే చెప్పని లెక్క

గుడిబండ దగ్గర ఎయిర్‌పోర్టు వస్తదట అనే మాట కొత్తకోటలో మళ్లీ మళ్లీ లేస్తది. లేచినప్పుడల్లా రియల్ ఎస్టేటోళ్ల ఫోన్లు మోగుతయి. గొలుసు పట్టుకొని కొలిచేటోళ్లు రాకముందే మనం ఒక్కసారి వరంగల్ మామునూరు దిక్కు చూడాలె.

1930లో నిజాం కట్టించిన విమానాశ్రయం అది. 1875 ఎకరాలని చెప్తరు. 1948 సెప్టెంబర్‌లో, పోలీసు చర్య నాడు, భారత వైమానిక దళం దాని మీద బాంబులు వేసింది. 1981 దాకా నడిచింది, తర్వాత మూతపడ్డది. మూతపడ్డంక ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిల మిగిలింది దాదాపు 696 ఎకరాలే. మామునూరులనే పోలీసు బెటాలియన్ ఉన్నది, పోలీసు ట్రైనింగ్ కాలేజీ ఉన్నది, నవోదయ, వెటర్నరీ కాలేజీ ఉన్నయి. బడులు, కాలేజీలు వద్దనను. కానీ అప్పట్ల ఆ నేల దున్నిన వాడకు ఎన్ని గుంటలు తిరిగొచ్చినయి? ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలే. చరిత్ర చెప్పేటోళ్లకు నిజాం పేరు ఎరుక, రన్‌వే పొడుగు ఎరుక. రాయి కొట్టినోడు మాత్రం ఎన్నడూ యాదికి రాడు. ఇయాల అదే మామునూరు కోసం ఇంకో 253 ఎకరాలు కావాలన్నరు. చేతిల ఉన్న భూమి పంచేసి, మళ్లీ రైతు దగ్గరికే వచ్చిన్రు.

కోస్తాల కథ కూడా ఇంతే. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డయి. ఆ యుద్ధ కాలంల గన్నవరం, తాడేపల్లిగూడెం, దొనకొండల రన్‌వేలు లేచినయి. గన్నవరం ఎయిర్‌పోర్టు అయింది. దొనకొండ బీడువడ్డది. యుద్ధం అయిపోయింది, భూమి మాత్రం సర్కారుదే.

తీసుకున్న భూమిని ఐదేండ్లు వాడకపోతే సొంతదారుకో, ల్యాండ్ బ్యాంకుకో తిరిగియ్యాలని 2013 భూసేకరణ చట్టంల సెక్షన్ 101 ఉన్నది. ఆ రెండో "కో" చూసిన్రా? సర్కారుకు దారి అక్కడ దొరికింది. 2017ల అమలైన తెలంగాణ సవరణయితే మౌలిక వసతుల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండనే పోయే వీలు తెచ్చుకున్నది.

మనోళ్లకు ఉన్నది ఎక్కువ లావుణి పట్టానే. "సర్కారు భూమే కదా, ఇచ్చింది తీస్కో" అంటరు. అది అబద్ధం. చేవెళ్ల కేసుల 2004లనే ఉమ్మడి హైకోర్టు పెద్ద బెంచి చెప్పింది: అసైన్డు భూమికి కూడ పట్టా భూమి లెక్కనే మార్కెట్ ధర కట్టియ్యాలె. ఇగ భూమే లేని కూలీ? మూడేండ్ల నుంచి ఆ భూముల మీదనే బతికినోడు చట్టం ప్రకారం బాధిత కుటుంబమే. కౌలుదారు కూడ అంతే. కానీ ధరణి వచ్చినంక పహాణీల కాస్తుదారు కాలమే లేకుండ చేసిన్రు. ఎట్ల నిరూపించుకుంటరు?

అందుకే గుడిబండ చుట్టుపక్కల వాడలోళ్లు లావుణి కాగితాలు, పాత పహాణీ నకళ్లు, ఉపాధి హామీ జాబ్‌కార్డులు ఇప్పుడే ఒక్కకాడ పెట్టుకోండ్రి. ఎవరి చేన్ల ఎన్నేండ్ల నుంచి కూలి చేస్తున్నరో గ్రామసభల తీర్మానం రాయించండ్రి. నోటిఫికేషన్ వచ్చినంక రాయించుకుందామంటే అప్పటికి ఆలస్యమైతది.