సాలుంఖే చెప్పినంత తొందరగా తేలదు

సిఐడి వస్తే మా అమ్మ, పిన్ని కన్నార్పరు. 1998లో మొదలై 2018లో ఆగిన ఆ సీరియల్ 2024 డిసెంబరులో మళ్ళీ వచ్చింది. డాక్టర్ సాలుంఖే గాజు గొట్టంలో రంగునీళ్ళు ఊపి, ఫలానా విషం అనేస్తాడు. "అచ్చం నిజంలాగే ఉంది కదే!" అంటుంది పిన్ని. నేను ఒప్పుకోను.

పంచనామా పోలీసులది, పోస్టుమార్టం డాక్టరుది, విషపరీక్ష ల్యాబుది. పొట్ట, కాలేయం, మూత్రపిండాల ముక్కలు సీసాల్లో పెట్టి, సీలు వేసి పంపాలి. మన రాష్ట్రపు పెద్ద ల్యాబు బెంగళూరు మడివాళలో ఉంది. ఇలాంటి పరీక్షకు నెలలు పట్టొచ్చు. సీరియళ్ళలో అర్ధరాత్రి హత్య శవాన్ని కోసేస్తారు. 2021లో కేంద్రం రాత్రి పోస్టుమార్టానికి అనుమతిచ్చినా, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప హత్య కేసులకు వద్దంది.

కథే కదా, పోనీలే అంటారా? మా వీధిలో మగ్గం నేసే ఒకాయన పోయినేడు హఠాత్తుగా చనిపోయాడు. రిపోర్టు ఎంతకీ రాలేదు. "టీవీలో గంటలో తేలుస్తారు, ఇక్కడ ఇన్నాళ్ళా? ఎవరో డబ్బు తినుంటారు" అన్నారు కొందరు. ఇంకొందరు ఆయన భార్యనే అనుమానించారు. ఆమె పగటిపూట కొళాయి దగ్గరికి రావడం మానేసింది.

సిగరెట్టు కనిపిస్తే తెర కింద హెచ్చరిక వేస్తారు గదా. "నిజంగా దీనికి నెలలు పడుతుంది" అని ఒక్క ముక్క వేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

నాలుగు నెలలకు విషం లేదని ల్యాబు చెప్పింది. గుండె జబ్బని డాక్టరు రాశారు. అనుమానించినవాళ్ళు ఒక్కరూ ఆమె గడప తొక్కలేదు, మా పిన్నితో సహా.