చదువుకున్నదాన్నే... మోసపోయాను

"అంత చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియలేదా?"

మోసపోయినవాళ్లకు మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ఇదే. పోయిన డబ్బు కన్నా ఈ మాటే ఎక్కువ బాధిస్తుంది. నీకెలా తెలుసంటారా? నేనూ మోసపోయాను కనుక.

మాది తుళ్లూరు. 2015లో రాజధాని కోసం పూలింగుకు పొలాలిచ్చిన ఊళ్లలో ఒకటి. అంతకుముందు పత్తి తీతలు అయ్యాయా, మిర్చి ఎంత పలికింది అని పలకరించుకునేవాళ్లం. ఆ తరువాత "కౌలు డబ్బులు పడ్డాయా?" అనడం నేర్చుకున్నాం. మొదటి ఏడు మెట్టకు ఎకరానికి 30 వేలు, జరీబుకు 50 వేలు. చేలోంచి రావలసిన డబ్బు బ్యాంకులోంచి రావడం మొదలయ్యాక, మబ్బు వైపు చూసే కళ్లు సెల్లు వైపు చూడసాగాయి. అలా ఎదురుచూసే కళ్లే దొంగకు కావలసింది.

మా అత్తగారికి పుట్టింటివారిచ్చిన ఎకరం చేను వేరే ఊళ్లో ఉంది. దాని మీద పి.ఎం. కిసాన్ డబ్బులు వస్తాయి. ఏడాదికి 6 వేలు, మూడు విడతలు. ఒక విడత ఆగింది. ఆవిడ రోజూ అడుగుతున్నారు, నేను రోజూ చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే నా వాట్సాప్‌లో ఒక సందేశం. 'మీ ఇ-కేవైసీ పూర్తి కాలేదు. ఈ రోజే చేయకపోతే జాబితా నుంచి పేరు తొలగిస్తాం.' కింద పి.ఎం. కిసాన్ పేరుతోనే ఒక ఫైలు. పంపింది ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. మా తోడికోడలు!

పొయ్యి మీద పప్పు ఉంది. తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని నొక్కాను. ఆధార్, ఖాతా, కార్డు వివరాలు అడిగితే నింపాను. 'అనుమతించు' అన్నచోటల్లా అనుమతించాను. సాయంత్రానికి నా ఖాతాలోంచి 18 వేలు పోయాయి.

ఓటీపీ ఎవరికీ చెప్పలేదే అని తల పట్టుకున్నాను. చెప్పనక్కర్లేదట. అలాంటి ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది ఫోన్లో దిగితే మనకొచ్చే మెసేజీలు చదివి దొంగకు చేరవేస్తుంది. పైగా మన వాట్సాప్ నుంచే మన బంధువులందరికీ వెళుతుంది. పాపం, మా తోడికోడలూ నాలాగే నొక్కిందని తరువాత తెలిసింది.

ఎందుకు నొక్కాను? అత్యాశ కాదు. రావలసిన డబ్బే కదా అది. కొన్నేళ్లుగా ఆఫీసులవాళ్లు నిజంగానే మనతో ఇలా మాట్లాడుతున్నారు. ఆధార్ జతచేయకపోతే ఆగిపోతుంది, వేలిముద్ర వేయకపోతే ఆగిపోతుంది, కేవైసీ లేకపోతే ఆగిపోతుంది. 'ఆగిపోతుంది' అనగానే పరుగెత్తడం మనకు అలవాటైపోయింది. దొంగ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆ గొంతును అరువు తెచ్చుకున్నాడంతే.

కోట్ల లాటరీ తగిలిందంటూ వచ్చే ఇ-మెయిళ్లు చూసి మనం నవ్వుకుంటాం. వాటిని నమ్మేవాళ్లు కూడా ఉంటారా అనుకుంటాం. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2012లో ఒక వ్యాసం రాశాడు. ఆ ఉత్తరాలు అంత నమ్మశక్యం కాకుండా ఉండటమే మోసగాళ్లకు లాభమంటాడాయన. అనుమానించేవాళ్లు మొదట్లోనే తప్పుకుంటారు, మిగిలిన కొద్దిమంది మీద కష్టపడితే చాలు. అంటే నవ్వేవాళ్ల కోసం రాసిన ఉత్తరం కాదది. మన కోసం రాసింది వేరే ఉంటుంది. మనం దేనికోసం ఎదురుచూస్తున్నామో దాని పేరు పెట్టుకొని వస్తుంది. కొందరికి కౌలు, కొందరికి కొరియరు, కొందరికి పిల్లవాడి ఉద్యోగం. ఆశ లేనిచోట భయం ఉండనే ఉంది. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్టు' అంటూ బెదిరించే మోసం ఎంత పెరిగిందంటే, చట్టంలో అలాంటిది లేనే లేదని సాక్షాత్తు ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో చెప్పవలసి వచ్చింది.

ఇక నా అసలు తప్పు చెబుతాను. ఫైలు నొక్కడం కాదు, నొక్కానని రెండు రోజులు దాచడం. మావారు ఏమంటారో, పిల్లలు నవ్వుతారేమో అని నోరు మూసుకున్నాను. ఆ ఫైలు ఫోన్లోనే ఉంది. రెండో రోజు ఇంకో 4 వేలు పోయాయి. 1930కి అప్పటికప్పుడు ఫోన్ చేసి ఉంటే, డబ్బు దొంగ చేతికి చేరకముందే బ్యాంకుల్లో ఆపించే అవకాశం ఉండేది. మన పొరపాటు వల్లే పోయినా సరే, బ్యాంకుకు తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశాలిచ్చింది. అంటే ఆ 4 వేలూ పోగొట్టింది దొంగ కాదు, నా సిగ్గు.

చివరికి అత్తగారితో చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ తిట్టలేదు. "నకిలీ పత్తి విత్తనాలు కొన్న ఏడు మీ మామగారు తెలివితక్కువవారా అమ్మాయ్? సంచి మీద బొమ్మా, సీలూ అసలువాటికి మల్లేనే ఉన్నాయి. కాయ పట్టనప్పుడు కదా తెలిసింది! అయినా అప్పుడు ఊరందరితో చెప్పాం గనుక, ఇంకో నలుగురు కొనకుండా ఆగారు," అన్నారు.

ఆ సాయంత్రమే మావారికి చెప్పాను, 1930కి చేశాను, బ్యాంకుకు వెళ్లాను. వాట్సాప్‌లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, నా పేరుతో వచ్చిన ఫైలు తెరవొద్దని చెప్పాను. ఇద్దరు అప్పటికే తెరిచారు. వాళ్లూ ఎవరితోనూ చెప్పలేదు!

వాట్సాప్‌లో వచ్చిన ఫైలును, అయినవాళ్లు పంపినా సరే, వాళ్లకు ఫోన్ చేసి అడగకుండా తెరవకండి. డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదని గుర్తుంచుకోండి. అంతకన్నా ముఖ్యం, రేపు మీ ఇంట్లో అమ్మో, అత్తగారో, కాలేజీకి వెళ్లే అమ్మాయో బిక్కమొహంతో వచ్చి "ఏదో నొక్కాను" అంటే, 'ఆ మాత్రం తెలియదా' అనకండి. తిట్లు తరువాతైనా తిట్టుకోవచ్చు. ముందు 1930కి కొట్టండి.