ఊరి పేరు ఊరికే నిలవదు

మన ఊళ్ళలో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న కొట్లో వైన్ తప్ప మిగతావన్నీ దొరుకుతాయి. పేరుకీ సరుక్కీ పొంతన లేకపోవడం మనకి అంత అలవాటు. అందుకేనేమో, తన పేరు కోసం కోర్టుకెక్కి గెలిచిన ఒక ఫ్రెంచి కొండ ఊరు నాకు తెగ నచ్చేసింది. వైన్ రుచుల్లో తేడాలు నాకు బొత్తిగా తెలియవు. నచ్చింది ఊరే.

ఊరి పేరు షాతోనెఫ్-దు-పాప్, అంటే పోపుగారి కొత్త కోట. దక్షిణ ఫ్రాన్స్‌లో, అవిన్యోన్‌కి ఉత్తరాన, రోన్ నదికి దగ్గర్లో ఉంటుంది. 1309 నుంచి 1377 దాకా పోపులు రోమ్ వదిలి అవిన్యోన్‌లో ఉన్నారు. వాళ్ళలో ఇరవై రెండో జాన్ ఈ కొండ మీద కోట కట్టించాడు. పోయిన వేసవి సెలవుల్లో లండన్ నుంచి వెళ్ళాం. సందుగొందుల్లోంచి ఎక్కుతూ పైకి చేరితే కోటలో మిగిలింది దాదాపు ఒక ఎత్తైన గోడే. అప్పటికే శిథిలమైన కోటలో నిలిచి ఉన్న బురుజులో కొంత భాగాన్ని 1944లో జర్మన్ సైన్యం పేల్చేసింది. ఆ గోడ దగ్గర నిలబడితే కింద నది, దూరంగా అవిన్యోన్, ఇంకోవైపు వాంతూ పర్వతం, మధ్యలో కనుచూపుమేర ద్రాక్ష తోటలు.

మన పందిరి తోటల్ని ఊహించుకోకండి. ఇవి పొట్టి మొక్కలు, దేనికదే విడిగా ఉంటాయి. చాలా చేలల్లో మట్టి కూడా కనపడదు, పిడికిలంత నుంచి కొబ్బరికాయంత దాకా నున్నటి గుండ్రాళ్ళు. మన రైతు చూస్తే ‘ఇదేం భూమిరా నాయనా’ అని వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కేస్తాడు.

ఒకప్పుడు వాళ్ళ పరిస్థితీ మనలాంటిదే. పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు తోటల్ని తినేసింది. కోలుకునేసరికి ఎక్కడెక్కడి వైన్‌కో ఈ ఊరి పేరు తగిలించి అమ్మేవాళ్ళు తయారయ్యారు. 1923లో ఊరి రైతులు బారన్ పియెర్ ల రువా అనే ఆయన దగ్గరికి వెళ్ళారు. లా చదివినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు, ఆ ఊళ్ళోనే తోట ఉన్నవాడు. వీళ్ళు దొంగల మీద పడేముందు తమకి తామే నియమాలు పెట్టుకున్నారు. లావెండర్, థైమ్ లాంటి మొక్కలు మొలిచే బీడు నేలల్లో పండిన ద్రాక్షకే ఈ పేరు. ఫలానా రకాలే వెయ్యాలి. కోతలో బాగాలేని పళ్ళు ఏరి పారెయ్యాలి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడారు. 1936లో పేరుకి చట్టబద్ధమైన హద్దు వచ్చింది.

ఇప్పుడు ఆ హద్దులో ఉన్నది సుమారు 3,200 హెక్టార్లు. హెక్టారుకి 3,500 లీటర్లు మించితే ఆ పేరుతో అమ్మడానికి వీల్లేదు. ద్రాక్ష చేత్తోనే కొయ్యాలి. ఎక్కువ పండించగలిగీ ఆగడమే ఇందులో అసలు విషయం. అలాగని అక్కడ మోసాలు లేవని కాదు. రోన్ ప్రాంతంలో నాసి వైన్‌ని ఈ ఊరి పేరుతో కూడా అమ్మేసిన పెద్ద బాగోతం 2018లో బయటపడింది. కాకపోతే ఫలానాది దొంగ సరుకు అని తేల్చడానికి అక్కడొక కొలబద్ద ఉంది.

ఇక మన సంగతి. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరం వాట్సాప్‌లో చప్పట్లు కొట్టాం. ఆ గుర్తింపు ఉన్నది రాష్ట్ర ఉద్యాన శాఖ పేరు మీద. హద్దేమో రాయలసీమ నుంచి కోస్తా, తెలంగాణ జిల్లాల దాకా. కాయ ముదరకముందే కోసి కార్బైడ్‌తో మగ్గబెట్టినా అది బంగినపల్లిగానే చెలామణీ అవుతోంది. లండన్ ఇండియన్ షాపులో పెట్టె మీద ఆ పేరే ఉంటుంది, లోపలేముందో కోస్తే గానీ తెలియదు.

నూజివీడు దగ్గర తోట ఉన్న మా బాబాయికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. “తోటని పూత మీదే వ్యాపారికి అమ్మేస్తాం. ఎప్పుడు కొయ్యాలో వాడిష్టం. ఇంక నియమాలు పెట్టుకోడానికి మేమెవరంరా?” అన్నాడు. నిజమే. సీజన్ మొదట్లో రేటు బాగుంటుంది, పెట్టుబడికి అప్పులుంటాయి, ఒక్కడే ఆగితే ఆ ఒక్కడే మునుగుతాడు.

కానీ నా వాదన కూడా అదే. ఒక్కడి వల్ల కాదు కాబట్టే షాతోనెఫ్ రైతులు సంఘంగా కట్టుబడ్డారు. వాళ్ళకి నియమం ముందొచ్చింది, కాగితం తర్వాత. మనకి కాగితం ముందొచ్చింది, నియమం ఇంకా రాలేదు. పోచంపల్లి ఇక్కత్ డిజైన్లు మిల్లు గుడ్డ మీద అచ్చై సగం ధరకే దొరుకుతుంటే నేతగాడి చేతిలో ఉన్నదీ ఆ కాగితమే.

ఇంకో సర్టిఫికెట్ వచ్చిందని మళ్ళీ సంబరపడే బదులు ఒక్క మండలంతో మొదలుపెడితే చాలు. ఫలానా తేదీకి ముందు కాయ కొయ్యం, కార్బైడ్ ముట్టం అని నలభైమంది రైతులు ఒక మాట మీద నిలబడి, పెట్టె మీద మండలం పేరు వేసుకోవాలి. ఆ నాలుగు వారాలు ఆగడానికి వాళ్ళకి పెట్టుబడి కావాలి, ముందే బేరం కుదరాలి. అక్కడ మనలాంటివాళ్ళం పనికొస్తాం. మామిడి పళ్ళ కోసం ఏటా లండన్‌లో, డాలస్‌లో క్యూ కడుతూనే ఉన్నాం. ఆ డబ్బులో కొంత పూత నాడే రైతుకి చేరితే తోట వ్యాపారి చేతికి పోదు.