పెట్రోలుపై శాతం పన్నుకు స్వస్తి చెప్పాలి

మణికొండ పెట్రోలు బంకులలో వినియోగదారుల కోపమంతా గొట్టం పట్టుకుని నిలబడిన కుర్రవాడి మీదికి పోతున్నది. కోపానికి కారణం లేకపోలేదు. 2024 మార్చి 15న చమురు కంపెనీలు దేశమంతటా లీటరుకు 2 రూపాయల చొప్పున తగ్గించిన తరువాత కూడా హైదరాబాదులో పెట్రోలు ధర 107 రూపాయల 41 పైసల వద్ద నిలిచింది. అదే రోజున ఢిల్లీలో 94.72, బెంగుళూరులో 99.84, చెన్నైలో 100.75 రూపాయలు. ఒకే దేశం, అవే కంపెనీలు, అదే సరుకు. ధరలో మాత్రం 13 రూపాయలకు దగ్గరగా తేడా.

2018లో మునిసిపాలిటీగా మారిన మణికొండలో ఇది చిన్న విషయం కాదు. ఐ.టి. కార్యాలయాలకు మోటారు సైకిళ్ళపై వెళ్ళివచ్చే ఉద్యోగులు, అద్దె కార్లు నడుపుకునేవారు, ఇంటింటికీ సరుకు చేరవేసే కుర్రవాళ్ళు, మలక్‌పేట ఉల్లిని, బోయినపల్లి కూరగాయలను, బేగంబజారు పప్పులను ట్రాలీ ఆటోలలో తెచ్చుకునే కిరాణా వర్తకులు, అందరి రోజువారీ ఖర్చు బంకు వద్దే మొదలవుతున్నది. ఒక బంకు కాదని మరొక బంకుకు పోయినా కలిసి వచ్చేది పైసలలోనే. నార్సింగి వెళ్ళినా, పుప్పాలగూడ వెళ్ళినా అంతే.

తేడా ఎక్కడ వస్తున్నది?

కొందరు గల్ఫ్ దేశాలను నిందిస్తారు. కొందరు కంపెనీలను, మరికొందరు బంకు యజమానులను నిందిస్తారు. వర్తకులు కాగితం, కలం తీసుకుని లెక్క వేసుకుంటే సంగతి వెంటనే తేలుతుంది. తెలంగాణలో పెట్రోలుపై అమ్మకపు పన్ను, అనగా వ్యాట్, 35.2 శాతం. దానిని 107.41 నుండి తీసివేస్తే మిగిలేది 79 రూపాయల 45 పైసలు. ఢిల్లీ ధర నుండి అక్కడి 19.4 శాతం పన్నును తీసివేస్తే 79.33. బెంగుళూరు ధర నుండి ఆనాటి 25.92 శాతాన్ని తీసివేస్తే 79.29. ముడిచమురు, శుద్ధి ఖర్చు, కేంద్ర ఎక్సైజు, రవాణా, డీలరు కమీషను అన్నీ కలుపుకున్నా మూడు నగరాల మధ్య తేడా 16 పైసలు మాత్రమే!

తెలంగాణలో చమురు శుద్ధి కర్మాగారం లేదు కనుక ధర ఎక్కువ అన్న వాదన కూడా దీనితో వీగిపోతున్నది. విశాఖపట్నం నుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు గొట్టపు మార్గం ఉన్నది. సరుకు అందులో చౌకగానే వస్తున్నది. ఆదిలాబాదు వంటి దూరపు జిల్లాలలో డిపో నుండి టాంకరు కిరాయి కొంత అదనంగా పడే మాట నిజమే. నగరాల మధ్య తేడాకు మాత్రం కారణం రాష్ట్రాల పన్నే. నాటి లెక్కలో లీటరుకు ఢిల్లీ వసూలు చేసినది 15.39 రూపాయలు, బెంగుళూరులో 20.55, హైదరాబాదులో 27.96.

ఇందులో మరొక మెలిక ఉన్నది. ఆనాడు కేంద్ర ఎక్సైజు 19 రూపాయల 90 పైసలు. రాష్ట్రం పన్ను ఈ ఎక్సైజు మీద కూడా పడుతున్నది. పన్ను మీద పడిన ఈ పన్నే లీటరుకు 7 రూపాయలు. డీలరుకు ఇచ్చే కమీషను మీదా 35.2 శాతం పడుతున్నది. ఆ కమీషను అప్పట్లో 4 రూపాయల లోపే కనుక, బంకు యజమానిని నిందించి లాభం లేదు.

పడితే పెంపు, పెరిగితే మౌనం

అసలు లోపం పన్ను ఎక్కువగా ఉండడంలో కంటే దానిని శాతంగా విధించడంలో ఉన్నది. 2014 మధ్యలో పీపా 110 డాలర్లు దాటిన ముడిచమురు 2015 జనవరి నాటికి 50 డాలర్ల దిగువకు పడింది. ధర పడితే శాతం లెక్కన ఖజానాకు వచ్చే పైకం కూడా పడుతుంది. ఆ నష్టం రాకుండా అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం పెట్రోలుపై పన్నును 31 నుండి 35.2 శాతానికి, డీజిలుపై 22.25 నుండి 27 శాతానికి పెంచింది. తరువాత చమురు మళ్ళీ పెరిగినప్పుడు శాతం వెనుకకు రాలేదు. 2021 నవంబరులో, 2022 మేలో కేంద్రం ఎక్సైజు తగ్గించినప్పుడు కూడా రాలేదు.

ఫలితం ఏమైనది? 2022 ఏప్రిల్‌లో హైదరాబాదులో పెట్రోలు 119 రూపాయల 49 పైసలకు ఎగబాకింది. ఆ ధరలో రాష్ట్రం వాటా 31 రూపాయల పైచిలుకు. అంటే ప్రజలు ఎక్కువ ఇబ్బంది పడిన రోజులలోనే ఖజానాకు లీటరుకు ఎక్కువ ముట్టింది. వర్తకంలో కొనుగోలు ధర పెరిగితే లాభం తగ్గించుకుని ఖాతాదారును నిలుపుకుంటారు. శాతం పన్నుకు ఆ నియమం లేదు.

లారీకి తెలిసిన లెక్క

డీజిలు సంగతి సరుకు వర్తకులకు మరింత ముఖ్యం. 2024 మార్చిలో హైదరాబాదులో డీజిలు 95.65, బెంగుళూరులో 85.93. తేడా 9 రూపాయల 72 పైసలు. 300 లీటర్లు పోయించుకునే లారీకి ఇది 2,916 రూపాయలు. జహీరాబాదు మీదుగా కర్ణాటక వెళ్ళివచ్చే డ్రైవరు టాంకు ఎక్కడ నింపుకుంటాడో ఎవరూ చెప్పనక్కరలేదు. అదే లారీ కోదాడ దాటి ఆంధ్రకు పోతే టాంకు ఇవతలే నింపుకుంటుంది. ఏమంటే, ఆంధ్రప్రదేశ్‌లో శాతం పన్నుకు తోడు 4 రూపాయల అదనపు పన్ను, రూపాయి రోడ్డు సెస్సు ఉన్నందున 2024లో అక్కడి ధర ఇంకా ఎక్కువ.

కర్ణాటకతో తేడా తరువాత తగ్గినది గాని, తెలంగాణ తగ్గించినందువల్ల కాదు. 2024 జూన్‌లో, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో కర్ణాటకే డీజిలుపై పన్ను పెంచింది. పొరుగువాడి ఇంట్లో ధర పెరగడం మన ఇంట్లో ధర తగ్గినట్లు కాదు.

జి.ఎస్.టి. కింద ఉన్న సరుకుపై కట్టిన పన్నుకు వర్తకుడు జమ పొందవచ్చు. డీజిలుపై కట్టిన వ్యాట్‌కు ఆ వీలు లేదు. అది కిరాయిలో కలిసి, బస్తా ధరలో కలిసి, చివరకు గృహిణి సంచిలోకి చేరుతున్నది. పెట్రోలు, డీజిలును జి.ఎస్.టి. లోకి తేవాలన్న ప్రశ్న 2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన కౌన్సిలు సమావేశానికి వచ్చినా, ఇది సమయం కాదని పక్కన పెట్టారు.

ప్రభుత్వాల వాదన

రాష్ట్రాల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. 2017లో జి.ఎస్.టి. వచ్చిన తరువాత సొంతంగా రేటు నిర్ణయించుకునే పెద్ద పన్నులు వాటికి పెట్రోలు, మద్యం వంటి కొన్నే మిగిలాయి. పైన చెప్పిన 19.90 రూపాయల ఎక్సైజులో రాష్ట్రాలతో పంచుకోవలసినది 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగిలినదంతా సెస్సుల పేరిట, ప్రత్యేక సుంకాల పేరిట ఢిల్లీలోనే ఉండిపోతున్నది. 2025 ఏప్రిల్ 8న కేంద్రం మరో 2 రూపాయలు ఎక్సైజు పెంచినప్పుడు చిల్లర ధర మారలేదు. చమురు పడినందున రావలసిన తగ్గింపు ఖజానాకు పోయింది.

కంపెనీలూ ఇందుకు మినహాయింపు కావు. 2017 జూన్ 16 నుండి రోజువారీ ధరలన్నారు. కాని 2022 మే 22 నుండి 2024 మార్చి 14 వరకు హైదరాబాదు ధర 109.66 వద్ద కదలలేదు. ఈలోగా ముడిచమురు పీపా 116 డాలర్ల నుండి 75 డాలర్ల దరికి దిగింది. మొదట నష్టపోయిన మూడు ప్రభుత్వ కంపెనీలు 2023-24లో దాదాపు 81,000 కోట్ల రూపాయల లాభం చూపాయి.

చేయవలసినది

పన్ను తగ్గించండి అని వర్తక సంఘాలు ఏటా వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. వాటికి వచ్చే జవాబు కూడా ఏటా ఒకటే. అంతకంటే ఆచరణ సాధ్యమైన కోరిక ఒకటున్నది. శాతం తీసివేసి, లీటరుకు ఇన్ని రూపాయలని రాష్ట్రం పన్నును బడ్జెటులో స్థిరంగా నిర్ణయించాలి. కేంద్ర ఎక్సైజు ఇదే పద్ధతిలో ఉన్నది. ఆంధ్రలో వలె శాతానికి పైన కలపడం కాదు, శాతం స్థానంలో పెట్టాలి.

పెట్రోలుపై 28 రూపాయలకు బిగించినా 2024 మార్చి నాటి లెక్కలో ఖజానాకు పైసా నష్టం లేదు. ఆనాటి ధరా తగ్గదు, అది ఒప్పుకోవలసిందే. కాని అదే పద్ధతి 2022 ఏప్రిల్‌లో ఉండి ఉంటే లీటరుకు 3 రూపాయలు కలిసివచ్చేవి. చమురు పడినప్పుడు రాష్ట్ర ఆదాయం పడదు కనుక 2015 జనవరి నాటి పెంపుకు సాకు ఉండేది కాదు. డీజిలుకు ఇదే చేస్తే కిరాయి ఒప్పందాలు రాసుకునేవారికి ఒక అంకె అయినా నిలకడగా ఉంటుంది.

దీనితోపాటు బంకు బిల్లుపై సరుకు ధర, కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను, కమీషను విడివిడిగా అచ్చు వేయాలి. కిరాణా కొట్టులో చిన్న బిల్లుపై కూడా పన్ను విడిగా చూపమని వర్తకుని ఆదేశించే ప్రభుత్వాలకు ఇది భారమైన పని కాబోదు. అది జరిగిన నాడు మణికొండ వినియోగదారుడు తన కోపం ఎవరిపై చూపాలో తానే తెలుసుకుంటాడు.