ఒక్క రీడింగు చాలునా?

ఫిజిక్స్ లాబొరేటరీలో వెర్నియర్‌తో ఒక్క రీడింగు తీసుకువెళితే మా లెక్చరరు గారు రికార్డు మీద సంతకం పెట్టరు. "మూడు తీసి సగటు కట్టవోయ్" అంటారు. మా నాయన కూడా మట్టి పరీక్షకు చేలో పది చోట్ల మట్టి తీస్తాడు. మరి మనిషి రక్తపోటుకు ఒక్క రీడింగు ఎలా సరిపోతుంది?

మా నాయన చుట్టలు కాలుస్తాడు. గట్టు మీద కొంతదూరం నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. కాళ్ళ రక్తనాళాలు పూడుకున్నాయన్నారు. మొదట చూసినచోట ఎడమచేతికి పట్టీ కట్టి, "128, ఏం ఫర్వాలేదు" అని పంపేశారు. ఇంకోచోట రెండు చేతులకూ చూశారు. ఎడమ 128, కుడి 160! ఎడమచేతికి పోయే నాళం కూడా సన్నబడి, అక్కడ అంకె తక్కువ పలికిందట. ఎక్కువ చూపిన చెయ్యే లెక్క.

శబ్దం విని రక్తపోటు కొలిచే పద్ధతిని కొరొట్కాఫ్ 1905లోనే చెప్పాడు. పద్ధతి మంచిదే, తొందర మనది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, రెండు చేతులకూ చూడాలి, నిమిషం ఆగి మళ్ళీ చూడాలి. రోగుల వరస పొడుగన్న మాట నిజమే. కాని ఆ పది నిమిషాలు మిగుల్చుకుని పక్షవాతం కొనితెచ్చుకోవటం ఏం లెక్క?

మిత్రులారా, ఈ సెలవుల్లో మీ పెద్దవాళ్ళను ఆస్పత్రికి తీసుకువెళితే, "రెండో చెయ్యి కూడా చూడండి" అని అడగండి. అడగటానికి మొహమాటమెందుకు?