చాట ముందు గడియారం

షోలాపూర్ తూర్పు పేటల్లో సాంచాల (మరమగ్గాల) చప్పుడుతోనే తెల్లవారుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలీలు అక్కడ మగ్గం పెట్టారు, తెలుగు నిలుపుకున్నారు. మగవాళ్లు చాదర్లు, తువ్వాళ్లు నేస్తుంటే ఆడవాళ్లు గడప దగ్గర కూర్చుని బీడీలు చుడతారు. అలాంటి ఒక ఇంటికి పుణె నుంచి సెలవుకు వచ్చిన మనవడు తన చేతి గడియారం విప్పి నానమ్మకు కట్టాడు. పొద్దంతా ఆమె ఎన్ని కేలరీలు ఖర్చు చేస్తుందో చూడాలని సరదా.

ఆమె చాట ఒళ్లోకి లాక్కుంది. నానబెట్టి కత్తిరించిన తునికాకు ఒక చేతిలో, చిటికెడు జర్దా మరో చేతిలో. చుట్టడం, మొన మడవడం, దారం బిగించడం అన్నీ వేళ్ల కొసల్లోనే అయిపోతాయి. మణికట్టు కదలనే కదలదు. గంట గడిచేసరికి గడియారం గుర్రుమని అదిరింది. లేచి నిలబడమట! "నిలబడితే వెయ్యి బీడీలు ఎవరు చేస్తరు బిడ్డా?" అంది ఆవిడ, చేయి ఆపకుండానే.

కేలరీలను గడియారం కొలవదు, ఊహిస్తుంది. మనం ఇచ్చిన వయసు, ఎత్తు, బరువు ఒక పక్క. చేతి ఊపు, చర్మం మీద ఆకుపచ్చ వెలుగు వేసి పట్టుకున్న నాడి ఇంకో పక్క. వీటన్నిటినీ కలిపి కంపెనీ తన గుట్టు సూత్రంతో ఒక అంకె తేలుస్తుంది. ఆ రోజు అందులో ఉన్న వయసూ బరువూ మనవడివే అన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. సరిగ్గా తేలాలంటే ముఖానికి మాస్కు తగిలించి, పీల్చిన ఆక్సిజన్‌నూ వదిలిన బొగ్గుపులుసు వాయువునూ లెక్కగట్టాలి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మందికి 7 రకాల పట్టీలు కట్టి ఆ పనే చేశారు. గుండె వేగం దగ్గర ఆరు పట్టీలు 5 శాతం లోపు తేడాతో గట్టెక్కాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. అంటే 400 ఖర్చయిన చోట మంచి పట్టీ సైతం 290 అనొచ్చు, 510 అనొచ్చు. కొట్లో తూకం ఇలా ఉంటే ఊరుకుంటామా? 2020లో 158 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్ష కూడా కేలరీల లెక్కలో ఏ బ్రాండుకూ మార్కులు వేయలేదు.

పైగా నాడి ఒక్క శ్రమకే పెరగదు. రేకుల షెడ్డులో, షోలాపూర్ ఎండాకాలంలో సాంచాల మధ్య నిలబడ్డ మనిషికి ఉక్కతోనే గుండె వేగం పెరుగుతుంది. ఆ పెరిగిందంతా కష్టమేననుకుని గడియారం కేలరీలు ఎక్కువ వేసేస్తుంది.

మనకు ఇంకో లెక్క కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి పాత పట్టికల్లో నేత పనిని, ఆడవాళ్ల బీడీ పనిని మధ్యరకం శ్రమ కింద చేర్చారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం 55 కిలోల స్త్రీకి కూర్చుని చేసే పనైతే రోజుకు 1660 కేలరీలు, మధ్యరకం శ్రమైతే 2130 కావాలి. తేడా 470. పిండి లెక్కన చూస్తే రెండు మూడు జొన్న రొట్టెలు. నానమ్మ ఏ గడిలో కూర్చుంటే ఆ రొట్టెలు దక్కుతాయన్నమాట.

నిజం చెప్పాలంటే ఆ పాత పట్టికది కొంత పెద్ద మనసే. కూర్చుని వేళ్లతో చేసే పనికి, ఊరికే కూర్చున్నప్పటికన్నా అదనంగా ఖర్చయ్యేది కొద్దిగానే. గడియారం తక్కువ చూపిస్తే అది పూర్తిగా అబద్ధమని అనలేం. కానీ సాయంత్రానికి నడుం పట్టేయడానికి కేలరీలతో పనేముంది? చూపు మసకబారడానికి, జర్దా ఘాటుకు దగ్గు తెరలు రావడానికి, వేళ్ల కొసలు కాయ కాయడానికి ఏ కేలరీలూ కరగనక్కర్లేదు. తిన్నది కరిగించుకోవాలని పార్కు చుట్టూ తిరిగేవాళ్ల కోసం పుట్టిన అంకె అది. అలసటను చూపే గడి దాని ముఖం మీద లేదు.

పొద్దు వాలాక ఆమె బీడీ కట్టలను గంపలో సర్ది, గంప నెత్తిన పెట్టుకుని కంపెనీకి బయల్దేరింది. గడియారమున్న చేయి గంప అంచును పట్టుకునే ఉంది. ఊగని చేతికి అడుగులు సరిగ్గా పడవు కదా, తెర మీద అంకె పెద్దగా కదల్లేదు. కంపెనీలో కట్టలు విప్పి చూసినవాడు బాగాలేవంటూ 40 బీడీలు పక్కకు తీసేసి, పుస్తకంలో 960 అని రాసుకున్నాడు. ఇంటికొచ్చాక మనవడు "ఎంత చూపించింది నానమ్మా?" అని అడిగితే, ఆమె చెప్పిన అంకె అదే.