ఖరీదైన పవర్ కేబుల్ కొనే ముందు ఇంట్లో ఎర్త్ ఉందో లేదో చూడండి

ఒక ఆదివారం అమ్మ నా ఆంప్లిఫయర్ మీద దుమ్ము తుడుస్తూ, "ఒరేయ్, ఇది ముట్టుకుంటే జిల్లుమంటోందిరా" అంది. "స్టాటిక్ లేమ్మా" అని కొట్టిపారేశాను. అప్పటికి ఆ ఆంప్ వెనకాల 4,500 రూపాయల పవర్ కేబుల్ ఉంది. జడలా అల్లిన నైలాన్ తొడుగు, బంగారు పూత పిన్నులు, చూడ్డానికి భలే ఉంటుంది. ఇంత మంచి కేబుల్ పెట్టాక కరెంటు విషయంలో నాకు సమస్య ఏముంటుందిలే అనుకున్నాను.

నిజానికి ఆ కేబుల్ కొన్నదే ఒక సమస్య కోసం. పాట ఆపినా స్పీకర్లలోంచి సన్నగా గుయ్యిమని శబ్దం వచ్చేది. ఆన్‌లైన్‌లో వెతికితే "పవర్ డర్టీగా ఉంది, మంచి కేబుల్ వాడండి" అన్న సలహా కనిపించింది. కొన్నాను. శబ్దం పోలేదు. అమ్మకి కొట్టిన ఆ చిన్న షాక్, నాకు వినిపించే ఆ గుయ్యి, రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని తెలియడానికి ఇంకో వారం పట్టింది.

అసలు దోషి ఎక్స్‌టెన్షన్ బాక్స్. ప్లగ్ పీకేసి స్క్రూలు విప్పి చూశాను. పైన సాకెట్లకి మూడు రంధ్రాలు, ప్లగ్‌కి మూడు పిన్నులు. లోపల మాత్రం వైర్‌లో రెండే తీగలు: ఫేజు, న్యూట్రల్. ఎర్త్ టెర్మినల్ ఖాళీ. నేను వేలు పోసి కొన్న కేబుల్‌లోని ఎర్త్ తీగ ఆ డబ్బా దాకా వచ్చి ఆగిపోయింది.

జిల్లు ఎక్కడి నుంచి వచ్చింది?

నా ఆంప్‌లో ఉన్నది స్విచ్చింగ్ పవర్ సప్లై. ఇలాంటి సప్లైల్లో నాయిస్ తగ్గించడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు మెటల్ బాడీకి కలుపుతారు. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ గాల్లో వేలాడినట్టే, 230 వోల్టుల్లో దాదాపు సగం దగ్గర నిలబడుతుంది. మల్టీమీటర్ పెట్టి ఆంప్ బాడీకీ గోడ సాకెట్ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే 108 వోల్టులు చూపించింది. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగమే కాబట్టి జిల్లుతో సరిపోయింది. కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పాడై ఫేజు బాడీకి తగిలి ఉంటే? ఫ్యూజు కొట్టేయడానికి దారే లేదు. ముట్టుకున్న మనిషే ఆ దారి అవుతారు. ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

గుయ్యి సంగతి కూడా ఇదే. పీసీ వేరే గోడ సాకెట్‌కి ఉంది, దానికి ఎర్త్ ఉంది. ఆంప్‌కి లేదు. ఆ లీకేజీ ఆడియో కేబుల్ షీల్డ్ గుండా పీసీ ఎర్త్‌కి దారి వెతుక్కుంది. సంగీతం వెళ్లాల్సిన దారిలో కరెంటు లీకేజీ నడుస్తుంటే స్పీకర్ దాన్నే వినిపిస్తుంది. మూడు తీగలున్న మంచి బాక్స్ కొని, పీసీ, ఆంప్ రెండూ దానికే పెట్టాను. ఖర్చు 900 రూపాయలు. గుయ్యి పోయింది, జిల్లు పోయింది.

మరి కేబుల్ సౌండ్ మార్చదా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: సరిపడా రాగి, గట్టి ప్లగ్, పని చేసే ఎర్త్ ఉన్నాక కేబుల్‌కి పెట్టే ప్రతి అదనపు రూపాయి అందం కోసమే.

లెక్క చూడండి. ఆంప్‌తో పాటు బాక్స్‌లో వచ్చే మామూలు కేబుల్ చాలాసార్లు 0.75 స్క్వేర్ ఎంఎం ఉంటుంది. 1.5 మీటర్ల పొడవుకి, వెళ్లే దారి, వచ్చే దారి కలిపి రెసిస్టెన్స్ సుమారు 0.08 ఓమ్. ఆంప్ 100 వాట్లు లాగుతుంటే కరెంటు అర ఆంపియర్ కూడా ఉండదు, కేబుల్‌లో పడిపోయేది 0.03 వోల్టులు. పవర్ సప్లై కరెంటుని నిలకడగా కాకుండా విడతలుగా లాగుతుంది, నిజమే. ఆ క్షణంలో ఐదు రెట్లు లాగిందనుకున్నా 0.17 వోల్టులే. మా ఇంట్లో ఫ్రిజ్ ఆన్ అయితేనే రెండు మూడు వోల్టులు అటూ ఇటూ అవుతాయి. ఆంప్ ఎలాగూ ఆ ఏసీని రెక్టిఫై చేసి, కెపాసిటర్లలో నింపి, డీసీగా మార్చుకున్నాకే వాడుతుంది.

చెవితో కూడా పరీక్షించాను. మా తమ్ముడు నాకు కనపడకుండా కేబుళ్లు మార్చాడు, పాట ఒకటే, వాల్యూమ్ ఒకటే. పదిసార్లలో ఆరుసార్లు కరెక్ట్‌గా చెప్పాను. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. పది ప్రయత్నాలతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. కానీ "రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా" అని అమ్ముతున్న వస్తువు పదిసార్లలో పదిసార్లూ తెలియాలి కదా?

అవతలి వాదంలో నిజం బొత్తిగా లేదని అనను. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీ వోల్టులే. దాని పక్కనే పవర్ కేబుల్ సాగితే హమ్ పట్టుకుంటుంది. అక్కడ షీల్డ్ ఉన్న కేబుల్ సాయపడొచ్చు. అయితే రెండు కేబుళ్లనీ కాస్త దూరం జరిపినా, తప్పనిసరైన చోట అడ్డంగా దాటించినా అదే ఫలితం, అదీ ఉచితంగా. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ మూలిగితే దానికి ఏ కేబులూ మందు కాదు, సైన్ వేవ్ ఇన్వర్టర్ కావాలి.

అయితే ఏం కొనాలి?

కేబుల్: వెనకాల మూడు పిన్నుల సి14 సాకెట్ ఉంటే, ఐఎస్ఐ మార్కు ఉన్న 0.75 లేదా 1 స్క్వేర్ ఎంఎం త్రీ కోర్ కేబుల్ చాలు. పెద్ద పవర్ ఆంప్ ఉంటే 1.5. కావలసినంత పొడవే తీసుకోండి. ఎనిమిది అంకె ఆకారంలో రెండు పిన్నుల సాకెట్ ఉన్న సౌండ్‌బార్, స్ట్రీమర్ లాంటివి సాధారణంగా డబుల్ ఇన్సులేషన్‌వి. వెనక చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. వాటికి ఎర్త్ అక్కర్లేదు.

ఎక్స్‌టెన్షన్ బాక్స్: డబ్బంతా ఇక్కడ పెట్టండి. వైర్ మీద త్రీ కోర్ అని, కనీసం 1 స్క్వేర్ ఎంఎం అని రాసి ఉండాలి, 1.5 అయితే ఇంకా మంచిది. ప్లగ్ పెడితే గట్టిగా పట్టుకోవాలి. అన్ని రకాల ప్లగ్గులూ పట్టే యూనివర్సల్ సాకెట్లు చాలావాటిలో మన ప్లగ్ వదులుగా ఊగుతుంది. వదులు కాంటాక్ట్ ఒక్క ఓమ్ ఉన్నా 5 ఆంపియర్ల దగ్గర 25 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరిగేది అక్కడే. 6 ఆంపియర్ల బాక్స్ అంటే మొత్తం 1,380 వాట్లు. ఆంప్, టీవీ, పీసీ హాయిగా సరిపోతాయి. ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ దానికి పెట్టకండి. ఒక బాక్స్‌కి ఇంకో బాక్స్ తగిలించకండి.

స్పైక్ గార్డ్: పేరు చూసి మోసపోకండి. కొన్నింటిలో స్విచ్చు, ఫ్యూజు తప్ప ఏమీ ఉండవు. లోపల ఎంఓవీ ఉందా, ఎన్ని జూల్స్ అని చూడండి. ఎంఓవీ ప్రతి దెబ్బకీ కొంచెం అరుగుతుంది కాబట్టి ఇండికేటర్ లైట్ ఉన్నది తీసుకోండి. ఎర్త్ లేకపోతే అది ఇచ్చే రక్షణలో పెద్ద భాగం పనిచేయదు. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్ పీకేయడమే అన్నిటికంటే మంచి గార్డ్.

అమెరికా నుంచి అన్నయ్యో బావో ఆంప్ తెస్తే వెనకాల రాసి ఉన్న వోల్టేజ్ చదవండి. 120 వోల్టులు మాత్రమే అని ఉంటే ప్లగ్ అడాప్టర్ పెట్టి గోడకి గుచ్చారో, పొగ చూస్తారు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ముందు ఇది చేయండి

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మ్యూజిక్ సిస్టమ్ పెట్టే సాకెట్ కొలిపించండి. మీకు అలవాటు లేకపోతే మల్టీమీటర్‌తో మీరే ప్రయోగాలు చేయకండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపు, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. లోడ్ నడుస్తున్నప్పుడు కూడా అది కచ్చితంగా సున్నా చూపిస్తే సంతోషపడొద్దు. ఎవరో సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేసి ఉండొచ్చు, అది ఎర్త్ లేకపోవడం కంటే ప్రమాదం. సాకెట్ విప్పి చూపించమనండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా అని కూడా అడగండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగడానికి మొహమాటపడకండి, ఇది ఫ్యాన్ రిపేర్ లాంటి చిన్న విషయం కాదు.

ఇంకొక్క మాట. హమ్ పోవాలంటే ఎర్త్ పిన్ విరగ్గొట్టమనో, దానికి టేపు చుట్టమనో సలహా ఇచ్చేవాళ్లుంటారు. హమ్ నిజంగానే పోవచ్చు. పోయాక మీ ఆంప్ బాడీ మా అమ్మ ముట్టుకున్న ఆంప్ లాంటిదే అవుతుంది.

ఆ 4,500 కేబుల్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మానిటర్‌కి పెట్టాను. కలర్లేమీ మారలేదు.